అబూ ఖలమూన్ వస్త్రమూ, నెమలి ఈకా

ఇబ్నుల్ హైసమ్ రచించిన 'కితాబుల్ మనాజిర్' మొదటి మఖాలాలో, వెలుగు చూపుమీద కలిగించే ప్రభావాన్ని వివరించే చోట, చిన్న ప్రస్తావన ఒకటి ఉన్నది. నెమలి ఈకలూ, అబూ ఖలమూన్ అనే వస్త్రమూ తమ మీద పడే వెలుగును బట్టి పగటిపూట వేర్వేరు వేళల్లో వేర్వేరు రంగులుగా కంటికి తోస్తాయని దాని తాత్పర్యం. గ్రంథకర్త దాన్ని క్లుప్తంగా చెప్పి తరువాతి ఉదాహరణకు వెళ్లిపోతాడు. పాఠకుడు కూడా ఆయనతోపాటే వెళ్లిపోవచ్చు. అనువాదకుడికి మాత్రం ఆ సౌలభ్యం లేదు. అతడు ప్రతి మాట దగ్గరా ఆగవలసిందే.

ఈ వ్యాసకర్త అక్కడ ఆగాడు, ఆగి రెండు తప్పులు చేశాడు. సుమారు పదిహేనేళ్ల క్రితం విద్యార్థులకోసం ఒక చిన్న పుస్తకానికి మనాజిర్ నుంచి కొన్ని భాగాలు తెనిగించవలసి వచ్చినప్పటి మాట ఇది. 'అబూ ఖలమూన్' అర్థం తెలియక చేతికందిన పారసీక నిఘంటువు తెరిచాను. 'బూఖలమూన్' అంటే ఊసరవెల్లి అని ఉంది. 'ఊసరవెల్లి వస్త్రం' అని రాసేశాను. అది మొదటి తప్పు. రెండోది అంతకంటె పెద్దది. వాక్యం మరీ పొట్టిగా ఉన్నదనిపించి, విద్యార్థికి స్పష్టంగా ఉంటుందని, 'అనగా ఈ రంగులు వర్ణద్రవ్యం వల్ల గాక సూక్ష్మ నిర్మాణం వల్ల కలుగుతాయని గ్రహించాలి' అని ఒక ముక్క చేర్చాను. అది నా మాట అని తెలిపే గుర్తు ఏదీ పెట్టలేదు. రెండేళ్ల తరువాత ఒక సభలో వక్త ఒకాయన ఆ ముక్కనే ఇబ్నుల్ హైసమ్ వాక్యంగా గట్టిగా చదివి వినిపించాడు. భౌతికశాస్త్రం బోధించే మిత్రుడొకరు సభ ముగిశాక నా దగ్గరికి వచ్చి, "ఆ వాక్యానికి అరబీ మూలం రాసివ్వండి" అన్నారు. రాసివ్వడానికి మూలం లేదు.

ఈ వ్యాసం ఆ మిత్రుడికి ఆలస్యంగా ఇస్తున్న సమాధానం.

ముందు వస్త్రం సంగతి చూద్దాం. ఇబ్నుల్ హైసమ్ హిజ్రీ 354 (క్రీ.శ. 965) ప్రాంతంలో బస్రాలో పుట్టి, ఫాతిమీ పాలకుల కాలంలో కైరో చేరి, సుమారు 1040లో అక్కడే కన్నుమూశాడు. మనాజిర్ రచన 1028, 1038 సంవత్సరాల మధ్య సాగినట్లు పండితుల అంచనా. ఆయన చనిపోయిన కొద్ది ఏళ్లకే, 1047లో, పారసీక యాత్రికుడు నాసిర్ ఖుస్రో ఈజిప్టు వచ్చాడు. నైలు నది సముద్రంలో కలిసే చోట, నీటి నడుమ ఉన్న తిన్నీస్ పట్టణాన్ని చూశాడు. నేతపనికి అది పెట్టింది పేరు. అక్కడ నేసే బూఖలమూన్ బట్ట పగటి వేళను బట్టి రంగు మారుతుందనీ, లోకంలో మరెక్కడా దాన్ని నేయరనీ, అక్కడినుంచే తూర్పు పడమర దేశాలకు ఎగుమతి అవుతుందనీ తన 'సఫర్‌నామా'లో నమోదు చేశాడు. కనుక కైరో వాసి అయిన ఇబ్నుల్ హైసమ్ ఈ ఉదాహరణకోసం దూరం పోలేదు. తన పాఠకుడు బజారులో చూసి ఉండగల వస్తువునే ఎత్తుకున్నాడు.

ఈ పేరుకు ఇంకో కథ కూడా లేకపోలేదు. పదో శతాబ్దపు భూగోళ రచయిత ముఖద్దసీ చెప్పిన ప్రకారం అబూ ఖలమూన్ ఒక ప్రాణి. సముద్రపు ఒడ్డు రాళ్లకు ఒళ్లు రాచుకుంటే బంగారు వన్నె బొచ్చు రాలుతుంది, దానితో బట్ట నేస్తారు. కొన్ని సముద్రపు ఆల్చిప్పలు రాళ్లకు అంటుకోవడానికి స్రవించే పట్టుపోగు గురించిన వార్తే చేతులు మారి ఇలా తయారైందని కొందరు ఊహిస్తారు. ఏదైనా, రంగులు మార్చడమే ఆ పేరుకు గుర్తుగా నిలిచిపోయింది. తరువాతి పారసీకంలో అది ఊసరవెల్లికీ, సీమకోడికీ పేరైంది. ఉర్దూ కవులకు 'బూఖలమూన్' అంటే చిత్రవిచిత్ర వర్ణాలు గలది, నిలకడ లేనిది. నేను తెరిచిన నిఘంటువు అబద్ధం చెప్పలేదు. కొన్ని శతాబ్దాల తరువాతి అర్థం చెప్పింది, అంతే. నిఘంటువుకు తేదీ చూడని అనువాదకుడిదే తప్పు.

తిన్నీస్ బట్ట ఎలా ఉండేదో నాకు చూపించింది గ్రంథం కాదు, పత్థర్‌గట్టీలో బట్టల దుకాణం నడిపే ఒక పెద్దాయన. నా గొడవ విని నవ్వి, అటకమీదినుంచి ఒక తాను దించి, నా ముందు పరిచాడు. ఎదురుగా చూస్తే ఊదా, ఒక పక్కనుంచి ఎరుపు, ఇంకో పక్కనుంచి నీలం. "ఇదే ధూప్‌ఛావ్, మౌల్వీ సాబ్. తానా ఒక రంగు, బానా ఒక రంగు. ఇందులో జాదూ ఏమీ లేదు" అన్నాడు. మన నేతగాళ్లు పడుగు, పేక అనేవాటినే ఆయన తానా, బానా అన్నాడు. పడుగుకు ఎర్ర నూలు, పేకకు నీలి నూలు పెడితే, చూసే కోణాన్ని బట్టి ఒక వరస పోగులు ముందుకు వచ్చి రెండోవి వెనుకపడతాయి. నెమలికంఠం రంగు చీర నేయడంలోని కిటుకు కూడా ఇదే. తెలుగు దేశంలో ఏ పెళ్లిచీరల దుకాణంలో అడిగినా చూపిస్తారు. అబూ ఖలమూన్ అనబడిన బట్టలన్నీ ఇలాంటివే అని నేను అనబోవడం లేదు. తిన్నీస్ బట్టను ఈ రకపు నేతగానే చాలామంది పండితులు భావిస్తున్నారు.

ఇప్పుడు ఆ ప్రస్తావన గ్రంథంలో ఏ పని చేస్తున్నదో చూడాలి. దాని చుట్టూ ఉన్న ఉదాహరణలన్నీ ఒకే దిక్కుకు నడుస్తాయి. ముదురు రంగు వస్తువులు మసక వెలుగులో నల్లగా కనిపించి, మంచి వెలుతురులో తమ రంగు చూపుతాయి. రాత్రి మెరిసే నక్షత్రాలు పగలు కనబడవు. ఇలా పేర్చుకుంటూ వచ్చి, కన్ను రంగును గ్రహించడంలో వెలుగుకు పాత్ర ఉన్నదనీ, వెలుగు మారితే చూపుకు అందేది కూడా మారుతుందనీ నిర్ధారిస్తాడు. నెమలి ఈక ఆ వరసలో ఒక సాక్షి మాత్రమే. దాని రంగు ఎందుకు మారుతున్నదన్న ప్రశ్న అక్కడ వేయబడలేదు.

అంతేకాదు. రంగుకు వస్తువులో స్వతంత్రమైన ఉనికి ఉన్నదా లేదా అనేది ఆనాటి పండితులను పీడించిన వివాదం. చీకటిలో రంగు వాస్తవంగా ఉండదనీ, వెలుగు సోకినప్పుడే అది సిద్ధిస్తుందనీ ఇబ్నె సీనా వాదించాడు. ఇబ్నుల్ హైసమ్ రంగు వస్తువులోని యథార్థ గుణమేననే పక్షం వహించాడు. అంటే, వర్ణద్రవ్యం లేకుండానే కేవలం నిర్మాణం వల్ల రంగు పుట్టగలదన్న నేటి భావానికి ఆయన మొగ్గు నిజానికి ఎదురు దిశలో ఉన్నది. నేను చేర్చిన ముక్క ఆయన చెప్పని మాటే కాదు, అడిగితే ఆయన ఒప్పుకొని ఉండని మాట కూడా.

మన పత్రికల్లో, సభల్లో ఈ అలవాటు కొత్తది కాదు. పాత అరబీ గ్రంథంలో ఒక గమనిక కనిపిస్తుంది. నేటి శాస్త్రంలో అలాంటిదే ఒక సిద్ధాంతం కనిపిస్తుంది. రెంటికీ ముడివేసి 'మనవాళ్లే ముందు కనిపెట్టారు' అంటాం. అభిమానంతోనే చేస్తాం, కాని దానివల్ల నష్టపోయేది ఆ పండితుడే. ఆయన వాదం ఏమిటో, ఎవరితోనో, ఎంత జాగ్రత్తగా నడిపాడో ఎవరూ చదవరు. ఇలాంటి ముడులు విప్పి మూలం చూపినవారు మన కాలంలోనే ఉన్నారు. ముస్తఫా నజీఫ్ 1942–43లో కైరోలో ప్రకటించిన రెండు సంపుటాల పరిశీలన, అబ్దుల్ హమీద్ సబ్రా పరిష్కరించగా 1983లో కువైట్‌లో వెలువడిన మొదటి మూడు మఖాలాల అరబీ పాఠం, 1989లో లండన్‌లో వచ్చిన ఆయన ఆంగ్లానువాదం దగ్గర పెట్టుకుని చదివి ఉంటే నా రెండు తప్పులూ జరిగేవి కావు.

ఇబ్నుల్ హైసమ్ తరువాత ఈ దారిలో ముందుకు వెళ్లినవాడు కమాలుద్దీన్ ఫారిసీ (మరణం సుమారు 1319). ఇతని కథలో హైదరాబాదుకు పాలు ఉన్నది. ఇంద్రధనుస్సు గురించి సందేహాలు తీరక గురువు కుత్బుద్దీన్ షీరాజీని ఆశ్రయిస్తే, ఆయన మనాజిర్ ప్రతి సంపాదించి ఇచ్చి చదవమన్నాడు. ఫారిసీ చదివి, దానిమీద 'తన్ఖీహుల్ మనాజిర్' అనే బృహద్వ్యాఖ్య రాశాడు. శతాబ్దాలపాటు రాతప్రతుల్లో ఉండిపోయిన ఆ వ్యాఖ్యను రెండు సంపుటాలుగా అచ్చువేసింది మన దాయిరతుల్ మఆరిఫ్ సంస్థ, హిజ్రీ 1347–48లో (క్రీ.శ. 1928–30). రత్నాల గురించి బీరూనీ రాసిన 'కితాబుల్ జమాహిర్' కూడా 1936లో ఇక్కడే అచ్చయింది. హైదరాబాదు ముత్యాలను ఎరిగినంతమంది హైదరాబాదు అచ్చు పుస్తకాలను ఎరగకపోవడం మన దురదృష్టం.

ఫారిసీ చేసిన పని ఇది. గాజు గోళంలో నీరు నింపి, దాన్ని పెద్దది చేసిన వానచినుకుగా భావించి, చీకటిగదిలోకి సన్నని వెలుగు రానిచ్చి, ఆ వెలుగు గోళంలో నడిచే దారిని పరీక్షించాడు. లోపలికి పోతూ ఒకసారి, బయటికి వస్తూ ఒకసారి వక్రీభవనం, మధ్యలో ఒక పరావర్తనం. ఇదీ ప్రధాన ధనుస్సుకు కారణమని తేల్చాడు. పైన మసకగా కనబడే రెండో ధనుస్సుకు లోపల రెండు పరావర్తనాలు కావాలి. ఇంచుమించు అదే కాలంలో జర్మన్ పండితుడు ఫ్రైబర్గ్ వాసి థియోడరిక్ స్వతంత్రంగా ఇదే నిర్ణయానికి వచ్చాడు. నీటికి రంగు లేదు, గాజుకు రంగు లేదు, అయినా గోళం ఒక కోణంలో ఎర్రగానూ ఇంకో కోణంలో నీలంగానూ వెలుగు విడిచింది. పదార్థానికి లేని రంగు వెలుగు నడక వల్ల పుట్టగలదనడానికి ఇంతకంటె చక్కని సాక్ష్యం ఆ యుగంలో మరొకటి లేదనే చెప్పాలి. అయితే ఆ గోళం కంటికి కనబడేంత పెద్దది. నెమలి ఈక రహస్యం కంటికి అందనంత చిన్నచోట ఉన్నది. దానికి వేరే పరికరం కావలసి వచ్చింది.

ఆ పరికరం సూక్ష్మదర్శిని. 1665లో లండన్‌లో రాబర్ట్ హుక్ తన 'మైక్రోగ్రాఫియా'లో నెమలి, బాతు వంటి పక్షుల రంగులు మారే ఈకలకు ఒక అధ్యాయం కేటాయించాడు. ఈక నడిమి కాడనుంచి చీలిన పోగులనూ, వాటినుంచి చీలిన పిల్లపోగులనూ చూశాడు. ఆయన చేసిన ఒక చిన్న పరీక్ష నాకు మరీ నచ్చింది. ఈకను నీటితో తడిపితే ఆ వన్నె పోయింది. అద్దకపు రంగు తడిస్తే ముదురుతుందేగాని మాయం కాదు. కనుక ఈ రంగు వెలుగు తిరిగివచ్చే తీరులో ఉన్నదని హుక్ ఊహించాడు. 1704లో న్యూటన్ తన 'ఆప్టిక్స్'లో నెమలి తోక రంగును పలుచని పొరల రంగులతో జతచేశాడు. సబ్బు బుడగ మీద, వానాకాలం రోడ్డు మీద ఒలికిన నూనె మీద కనిపించే రంగులు ఆ కోవలోవే. కారణం మాత్రం 1801 తరువాత థామస్ యంగ్ వల్ల తెలిసింది. పొర పైతలం నుంచి కొంత వెలుగు, అడుగుతలం నుంచి కొంత వెలుగు తిరిగివస్తాయి. రెండు అలలూ శిఖరానికి శిఖరంగా కలిస్తే ఆ రంగు బలపడుతుంది. శిఖరం గుంటలో పడితే ఆ రంగు అణగిపోతుంది. ఏ రంగు బలపడుతుందో పొర మందాన్నీ, చూసే కోణాన్నీ బట్టి ఉంటుంది. దీన్నే వ్యతికరణం అంటున్నాం.

ముత్యపుచిప్ప విషయంలో దీనికి దగ్గరి రుజువు 1814లో బ్రూస్టర్‌కు దొరికింది. చిప్పను మైనంలో ఒత్తి తీస్తే, చిప్ప రంగులు మైనం మీదికి కూడా వచ్చాయి. చిప్పలోని పదార్థమేదీ మైనానికి అంటలేదు. దాని మీది సన్నని గాళ్ల అచ్చు మాత్రమే అంటింది. వట్టి ఆకారం రంగును మోసుకుపోగలదని అంత తేటగా చూపిన పరీక్షలు తక్కువ.

మన దేశంలో ఈ విషయాన్ని పట్టుకున్నవాడు చంద్రశేఖర వేంకట రామన్. బాల్యం విశాఖపట్నంలో గడిచిన ఆ మహానుభావుడు 1934లో బెంగుళూరులో భారత విజ్ఞాన అకాడమీ స్థాపించి, దాని పత్రిక తొలి సంపుటంలోనే పక్షి ఈకల రంగుల గురించి రాశాడు. పరీక్షకు ఎంచుకున్నది పాలపిట్టను. దసరానాడు ఊరి పొలిమేరకు పోయి చూసివచ్చే పిట్ట, నేడు తెలంగాణ రాష్ట్ర పక్షి. దాని రెక్కల నీలం ఆకాశపు నీలం వంటిదేననీ, ఈకలోని అతిసూక్ష్మ రేణువులు విడివిడిగా నీలి వెలుగును వెదజల్లడమే కారణమనీ అప్పటి వివరణ. అది చాలదని రామన్ అభిప్రాయపడ్డాడు. 1998లో రిచర్డ్ ప్రమ్, ఆయన సహచరులు మరొక నీలిపక్షి ఈకను ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో పరీక్షించి, లోపలి స్పంజివంటి కట్టడంలో రంధ్రాలు ఒక క్రమపు ఎడంలో ఉన్నాయనీ, వాటినుంచి వచ్చే అలలు కూడబలుక్కున్నట్టు కలిసి నీలం ఇస్తున్నాయనీ చూపారు. ముత్యపుచిప్పల రంగుల మీద కూడా రామన్ అదే కాలంలో వ్యాసాలు రాశాడు. ఆయన పేరుగల ఫలితపు వెలుగులో ఇవి మరుగునపడ్డాయి.

నెమలి ఈక వంతు 2003లో వచ్చింది. షాంఘైలోని ఫూడాన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు పిల్లపోగును అడ్డంగా కోసి చూస్తే, పైపొర కింద మెలనిన్ అనే నల్లని పదార్థపు సన్నని కడ్డీలు జాలీకిటికీ వలె వరసలు తీరి కనిపించాయి. కడ్డీకీ కడ్డీకీ మధ్య ఎడం నీలిభాగంలో సుమారు 140 నానోమీటర్లు, ఆకుపచ్చలో సుమారు 150, పసుపులో సుమారు 165. తలవెంట్రుక మందం ఇందులో ఒక్కొక్క ఎడానికి కొన్ని వందల రెట్లు ఉంటుంది. అంత చిన్న తేడాతో నీలం పసుపవుతున్నది. నీలిరంగు పదార్థమంటూ ఈకలో ఎక్కడా లేదు. నమ్మని వారు ఒక పరీక్ష చేసుకోవచ్చు. లాజవర్దు రాయిని నూరితే పొడి నీలంగానే ఉంటుంది. నెమలికన్నును మెత్తగా నూరితే మిగిలేది మట్టిరంగు పొడి. తెల్లనెమలి కూడా ఇదే సాక్ష్యమిస్తుంది. దానికి మెలనిన్ లేదు, కడ్డీలు లేవు, కనుక వన్నెలూ లేవు.

చిన్నప్పుడు మదరసాలో అందరం పుస్తకంలో నెమలీక పెట్టుకునేవాళ్లం. పిల్లలు పెడుతుందన్న ఆశ మాకూ ఉండేది. నా సర్ఫ్ పుస్తకంలో ఒకటి ఇప్పటికీ ఉన్నది. పుస్తకపు ఎర్ర గుడ్డ అట్ట ఎండకు వెలిసి మాసిన గులాబీ అయిపోయింది. ఈక మాత్రం పెట్టిననాటి నీలంతోనే ఉన్నది. అట్టది అద్దకం, ఈకది కట్టడం. కట్టడం చెదరనంతకాలం రంగు వెలవదు.

ఇంతకీ ఇబ్నుల్ హైసమ్ జతపరచిన రెండు వస్తువులూ ఒక జాతివేనా? కంటికి అవును, కారణానికి కాదు. ధూప్‌ఛావ్ బట్టలో నిజంగానే రెండు అద్దకపు రంగులున్నాయి. పోగుల అమరిక వాటిని వంతులవారీగా చూపుతుంది. పోగు విడదీసి చేతిలో పెట్టుకుంటే ఎరుపు ఎరుపే, నీలం నీలమే. నెమలి ఈకలో విడదీయడానికి రంగంటూ లేదు, అమరికే రంగు. తొమ్మిది శతాబ్దాల తరువాత తెలిసిన ఈ తేడాను ఆయన చూడలేదని నిందించడం ఎంత అన్యాయమో, చూశాడని పొగడడం కూడా అంతే అన్యాయం. ఆయన చూసింది వేరు. రెండింటిలోనూ కంటికందే రంగు చూసే సందర్భం మీద ఆధారపడి ఉన్నదని చూశాడు, దాన్ని తన వాదానికి తగినంత మేరకు నమోదు చేసి ఆగాడు.

నన్ను తప్పుదారి పట్టించిన ఊసరవెల్లి విషయం కూడా చెప్పకపోతే లెక్క పూర్తికాదు. 2015లో జెనీవా విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు మడగాస్కర్ ఊసరవెల్లి చర్మంలో గ్వానిన్ అనే పదార్థపు సూక్ష్మ స్ఫటికాలు జాలీలా అమరి ఉన్నాయనీ, అది ఉద్రేకపడినప్పుడు వాటి మధ్య ఎడం పెరిగి పచ్చని ఒళ్లు పసుపు వైపు తిరుగుతుందనీ ప్రకటించారు. కనుక అనువాదంగా తప్పయిన నా మాట నెమలి పక్కన మాత్రం సరిగ్గానే కూర్చున్నది. నా మిత్రుడికి ఈ సంగతి చెబితే, అదృష్టవశాత్తు కుదిరిన తప్పుకు మార్కులు వేయనన్నారు.

ఆ చిన్న పుస్తకానికి రెండో ముద్రణ వస్తున్నది. ప్రూఫుల్లో 'ఊసరవెల్లి' కొట్టివేసి 'అబూ ఖలమూన్ అనే వస్త్రం' అని మూలంలో ఉన్నట్లే ఉంచాను. నేను చేర్చిన ముక్కను పూర్తిగా తొలగించాను. పేజీ అడుగున చిన్న అక్షరాల్లో, తిన్నీస్‌లో నేసే ధూప్‌ఛావ్ వంటి బట్ట కావచ్చునని ఒక్క పంక్తి వేసి, దాని చివర 'అనువాదకుడు' అని రాశాను.